లేవడానికి కట్టిన అరుగులు

కురుమయ్యకు మెల్లగా మాట్లాడడం రాదు. ఆయన నడివయసంతా కాలువ ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మనుషులకు పని చెప్పడంలోనే గడిచిపోయింది. మధ్యలో గడ్డపారల చప్పుడు, లారీల రొద, ఇంజినీర్ల చిరాకు. వాటన్నిటినీ దాటి అవతలికి చేరాలంటే మాటకు ఎంత బలం కావాలో అంత బలం ఆయన గొంతులో పేరుకుపోయింది. పని ఆగిపోయినా అది తగ్గలేదు. ఇప్పుడు కూరలోకి ఉప్పు అడిగినా అదే గొంతుతో అడుగుతాడు.

"మామా, నేను పొయ్యి కాడనే ఉన్న. గుజరాత్‌ల లేను," అంటుంది కోడలు మంజులత.

"మెల్లగనే అడిగిన గద బిడ్డా," అంటాడాయన. ఆ మెల్లగా అన్నది రెండిళ్ల అవతల వినబడుతుంది.

ఆయనది కోస్గి దగ్గరి నల్లగుండ్లపల్లి. ఆ ఊళ్లో వాన పడితే కంది, జొన్న; పడకపోతే బస్సు. ఆ బస్సెక్కి దేశం మీద పడిన పాలమూరు కూలీల గుంపుల్లో ఒకదానికి కురుమయ్య మేస్త్రీ. గుజరాత్‌లో కాలువ తవ్వారు, కర్ణాటకలో కట్ట పోశారు, మహారాష్ట్రలో కొండ పక్కన మట్టి ఎత్తారు. తాము తవ్విన కాలువలో నీళ్లు పారడం వాళ్లు ఒక్కనాడూ చూడలేదు. నీళ్లు వదిలే రోజు షామియానా వేసి పెద్దమనుషులను పిలుస్తారు. అప్పటికి తవ్వినవాళ్లు ఇంకో రాష్ట్రంలో, ఇంకో గుంతలో ఉంటారు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు కురుమయ్య మోకాళ్లు పని చేయనన్నాయి. ఊరికి వచ్చేశాడు. "రాష్ట్రం వచ్చింది, నేను వచ్చిన. ఇద్దరం ఒక్కపారే వచ్చినం," అని చెప్పుకునేవాడు. రాష్ట్రానికి జరిగినంత సన్మానం ఆయనకు జరగలేదు. వచ్చినవాడిని వచ్చావా అన్నారు, ఒక మూలన మంచం చూపించారు. ఊళ్లో ముసలివాళ్లంటే అందరికీ గౌరవమే. ఆ గౌరవంతోనే వాళ్లను ఏ పనికీ పిలవరు, ఏ సంగతీ అడగరు.

మంచం మీద కూర్చోవడం రాక ఆయన రోజూ సాయంత్రం బిక్షమ్మ ఇంటికి పోయేవాడు. బిక్షమ్మ ఆ గుంపుకు వంట మనిషి. ఏ రాష్ట్రంలో ఉన్నా, కట్టెలు తడిసినా, రాళ్ల పొయ్యి మీద గుంపంతటికీ జొన్నరొట్టెలు చేసి పెట్టింది. మేస్త్రీ మాట వినని కూలీలు ఉండేవాళ్లు గానీ బిక్షమ్మ మాట వినని కూలీ లేడు. భర్త కర్ణాటక పనిలో ఉండగానే జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. చెల్లెలి బిడ్డ మల్లికను తనే పెంచి పెళ్లి చేసింది. మల్లిక నందికొండలో డ్యాం చూడడానికి వచ్చేవాళ్లకు చేపలు వేయించి అమ్ముతుంది.

నల్లగుండ్లపల్లి ఏటవాలు ఊరు. వాళ్లుండే వాడ కింద, రోడ్డు పైన. బస్సు ఆగేది పైన, రేషన్ దుకాణం పైన, పల్లె దవాఖాన పైన, చర్చి పైన. మధ్యలో ఉన్న దారిని అందరూ ఎక్కుడు అంటారు. పూర్వం అక్కడ రాళ్లు తేలి ఉండేవి. రాయి మీద రాయి చూసుకుని కాలు పెట్టి ఎక్కేవాళ్లు. ఆ తర్వాత సీసీ రోడ్డు పోశారు. దాని మీద ట్రాక్టర్ బాగా ఎక్కుతుంది, బైకు బాగా ఎక్కుతుంది. మనిషి కాళ్లను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నిటారుగా, నున్నగా, ఆగడానికి జాగా లేకుండా, పట్టుకోవడానికి ఏమీ లేకుండా పోశారు. రిబ్బన్ కత్తిరించిన నాయకుడు కారులో ఎక్కి కారులోనే దిగాడు కాబట్టి ఆయనకూ లోపం కనబడలేదు.

పోయిన వానకాలం బిక్షమ్మ దాని మీద జారి పడింది. ఎముక విరగలేదు గానీ ధైర్యం విరిగింది. అప్పటినుంచి పైకి ఎక్కలేదు. బీపీ గోలీలు ఆశా వర్కర్ గ్లోరీ తెచ్చి ఇచ్చేది. రేషన్‌కు వేలిముద్ర కావాలి కాబట్టి డీలర్ ఒకసారి మంచితనం కొద్దీ మిషన్ పట్టుకుని కిందికి వచ్చాడు. కింద ఆ మిషన్‌కు నెట్ రాలేదు. ఇక ఆదివారం ప్రార్థన సంగతి చెప్పనక్కర్లేదు. మైకులో పాట కిందికి వినబడుతుంది, పాడేవాళ్ల ముఖాలు కనబడవు. అదే ఆమెకు ఎక్కువ బాధ.

ఒకరోజు పిండి తడుపుతూ చెప్పింది. "దసరా అయినంక మల్లిక వస్తాందట, మేస్త్రి. నన్ను నందికొండకు తీస్కపోతదట."

కురుమయ్య తల ఎత్తి చూశాడు. "పోయి ఏం జేస్తవ్?"

"కూసుంట. ఆడ డ్యాం ఉన్నది, చూసుకుంట."

"మనం చూడని డ్యామా? డ్యాం చూడనీకె గంత దూరం పోవాల్నా?"

"నాకు పోవాలని లేదు. కని అది రెండు మాటలు అడిగింది. పైకి ఎక్కలేనిదానివి ఎట్ల బతుకుతవ్ అన్నది. ఇంట్ల పడిపోతె ఎవలకు ఎర్కయితది అన్నది. రెండిటికీ నా తాన జవాబు లేదు. ఉంటె చెప్పు, ఫోన్ల చెప్పుత."

కురుమయ్య దగ్గరా లేదు. కానీ తన గుంపు మనిషి ఊరు విడిచి పోతుందంటే ఊరుకునే రకం కాదు. ఒకప్పటి కూలీలు ఐలేశం, పోచయ్య, సోమన్న వాడలోనే ఉన్నారు. ఐలేశానికి చెవులు పోయాయి. కాలువ పనిలో బండలు పేల్చేటప్పుడు దగ్గర నిలబడి పోగొట్టుకున్నాడు. పోచయ్యకు నడుము లేవదు. సోమన్నకు అన్నీ బాగానే ఉన్నాయి, ఏ పనీ చేయబుద్ధి కాదు. ఈ ముగ్గురినీ కూడగట్టి, ఒక కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టి, కురుమయ్య ఆదివారం పొద్దున బిక్షమ్మ గుమ్మం ముందుకు తెచ్చాడు.

"కూసో. చర్చికి మోస్తం. పని కాడ కాలు విరిగినోళ్లను గిట్లనే మోస్తుంటిమి."

బిక్షమ్మ కుర్చీని చూసింది. బొంగులను చూసింది. బొంగుల కొసలు పట్టుకున్న నలుగురినీ చూసింది.

"నలుగురున్నరు. ముందట డప్పొక్కటే తక్కువ," అంది. "పాణం ఉండంగనే నన్ను నలుగురు మోసుకపోతె ఊరు ఏమనుకుంటది మేస్త్రి?"

ఎదురింటి ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కురుమయ్యకు అప్పుడు తెలివి వచ్చింది. పని జాగాలో దెబ్బ తగిలినవాణ్ణి మోయడం ఒకటి, ఊళ్లో తన వాడలో మనిషిని మోయడం ఒకటి.

"నాకు గూడ మోయనీకె కాదు," అన్నాడు పోచయ్య. "నన్ను మోసేటోళ్లు ఇంక నలుగురు కావాలె."

"నాకు మోసేటోళ్లు వద్దు," అంది బిక్షమ్మ. "కాళ్లున్నయ్. నడుమ నడుమ జర ఆగనీకె జాగా కావాలె. గంతే."

అంతే. ఆ గంతే అనే మాట కురుమయ్య చెవిలో పడగానే కర్ణాటక కట్ట గుర్తుకొచ్చింది. ఎత్తైన కట్టలు పోసేటప్పుడు మట్టి తట్టలు మోసేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి నడుమ నడుమ చదునైన మెట్టు ఒకటి వదిలేవాళ్లు. అది ఏ ఇంజినీరు కాగితంలోనూ ఉండదు. మోసేవాళ్లే వదులుకునేవాళ్లు, పని అయిపోయాక పూడ్చేసేవాళ్లు. దేశమంతా పోసిన కట్టల మీద అలాంటి మెట్లు వదిలాం, మన ఊరి ఎక్కుడు మీద ఒక్కటీ పెట్టుకోలేదే అనుకున్నాడు.

ఆ ఏడు ఊరికి సర్పంచ్ లేడు. పాత సర్పంచ్ గడువు తీరిపోయింది, కొత్త ఎన్నికలు రాలేదు. పంచాయతీ కార్యదర్శి మంచి పిల్లే. ఎక్కుడు పక్కన కూర్చోవడానికి అరుగులు కావాలని కురుమయ్య పోయి అడిగాడు. "దీనికి ఎస్టిమేట్ కావాలె తాతా, పైకి పంపాలె," అంది.

"నాలుగు అరుగులకు ఎస్టిమేటా? పైకి పోయింది కిందికి ఎప్పుడొస్తది బిడ్డా?"

ఆ పిల్ల కాసేపు ఫోన్ చూసుకుని, "రోడ్డు మీదికి రాకుండ పక్కకు కట్టుకుంటె నేనైతె చూడలేదు," అంది. ఆ ఆఫీసులో ఆయనకు దొరికిన అనుమతుల్లో అదే అన్నిటికంటే త్వరగా వచ్చింది.

బండలు కావాలి. ఎక్కుడు నడుమ ఇల్లున్న లింగస్వామి మెట్ట చెల్కలో ఏరి కుప్ప పోసిన బండలున్నాయి. లింగస్వామి ఊళ్లో పెద్ద రైతు. కురుమయ్య కంటే పదేళ్లు చిన్నవాడు. అయినా కురుమయ్యను 'రా' అని పిలుస్తాడు. ఆ పిలుపు కూడా తండ్రి నుంచి భూమితో పాటు వచ్చింది.

"పటేలా, నీ చెల్క గట్టున ఉన్న బండలు తీస్కపోతం."

"తీస్కపోరా. నాకే అడ్డం ఉన్నయ్. దేనికి?"

"ఎక్కుడు మీద అరుగులు కడ్తం. ముసలోళ్లు కూసోనీకె. ఒకటి నీ గోడ పక్కకు వస్తది."

లింగస్వామి ముఖం ముడుచుకుంది. "నా గోడకు వద్దు. మీరంత ఆడ కూసుంటె మా వాకిట్ల ఆడోళ్లు తిరగొద్దా?"

ఆ గోడ మనిషి కంటే ఎత్తు. కూర్చున్నవాడికి కాదు, నిలబడినవాడికి కూడా వాకిలి కనబడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. లింగస్వామి చెప్పని కారణం కూడా ఇద్దరికీ తెలుసు.

"మద్యాన్నం దాక ఎక్కుడంతట నీడ వడేది ఆడొక్కతాన్నే పటేలా."

"నీడ నాదిరా. ఎదురుంగ కట్టుకో."

భూమి వాళ్లది, బావి వాళ్లది, ఇప్పుడు నీడ కూడా పట్టాలోకి ఎక్కింది. కురుమయ్య తల ఊపాడు. ఎదురుంగ, ఎండలోనే కట్టాడు. అలాంటప్పుడు మాట మింగడం ఆయన కాలువ పనిలో నేర్చుకున్నాడు. బండలు దొరికాయి కదా అని చూసుకున్నాడు.

వారం పది రోజులు ఎక్కుడు మీద పాత గుంపు మళ్లీ పని చేసింది. సోమన్న బండలు దొర్లించాడు, ఐలేశం సందుల్లో చిన్న రాళ్లు కుక్కాడు, పోచయ్య నడుము పట్టుకుని సలహాలు ఇచ్చాడు. కురుమయ్య కేకలకు వాడలో పిల్లలంతా పోగయ్యారు. కింది నుంచి పైకి నాలుగు అరుగులు లేచాయి. పైదానికి సరైన పలక దొరకలేదు. చర్చి వెనక చెట్ల పొదలో ఒక శిలాఫలకం పడి ఉంది. ఎప్పుడో ఒక ఎలక్షన్ ముందర ఒక నాయకుడు సామాజిక భవనానికని తన పేరు చెక్కించి నిలబెట్టాడు. భవనం రాలేదు, ఫలకమే మిగిలింది. మంచి నున్నటి గ్రానైటు. దాన్ని తెచ్చి నాలుగో అరుగు మీద పరిచారు.

"అక్షరాలు పైకి పెడదమా, కిందికా?" అని అడిగాడు సోమన్న.

"కిందికి పెట్టు. గుచ్చుకుంటయ్," అన్నాడు పోచయ్య.

ఊరికి ఆ నాయకుడి వల్ల జరిగిన మేలు అదొక్కటే. ఆయన పేరు మీద నలుగురు హాయిగా కూర్చోవచ్చు.

అరుగులు పూర్తయిన రోజు పొద్దున్నే నలుగురూ మొదటి అరుగు మీద వరుసగా కూర్చున్నారు. గాలి బాగా వస్తోంది. పాత సంగతులు మాట్లాడుకున్నారు. ఏ కట్ట మీద ఎవరు ఎవరిని తిట్టారో గుర్తు చేసుకున్నారు. ఇక పోదామని కురుమయ్య లేవబోయాడు. లేవలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టి మళ్లీ లేవబోయాడు. ఇంకోసారి కూలబడ్డాడు.

"ఏమైంది మేస్త్రి?" అన్నాడు సోమన్న.

"నువ్వు లే, చెప్పుత."

సోమన్న లేవలేదు. పోచయ్య ప్రయత్నం కూడా చేయలేదు. ఐలేశానికి సంగతి అర్థం కాక, అందరూ కూర్చున్నారు కదా అని తనూ కూర్చున్నాడు.

జరిగింది ఏమిటంటే, కురుమయ్య ఆ అరుగులకు పెట్టిన ఎత్తు గుంపు మధ్యాహ్నం అన్నం తినడానికి కట్ట అంచున కూర్చునే ఎత్తు. మోకాలి కంటే బాగా కింద. వయసులో ఉన్నప్పుడు శరీరం పట్టిన కొలత అది. చేయి దాన్ని మరచిపోలేదు, మోకాళ్లు మరచిపోయాయి.

"మంజులతా," అని కురుమయ్య పిలిచాడు. ఆ పిలుపు మంజులతతో పాటు వాడంతటికీ వినబడింది. ఆడవాళ్లు, పిల్లలు అందరూ ఎక్కుడు మొదట్లోకి వచ్చారు. నలుగురు మగవాళ్లు వరుసగా కూర్చుని, లేవలేక, చాలా మర్యాదగా ఎదురు చూస్తున్నారు.

"మీరు కట్టిన అరుగు మిమ్మల్నే పట్టుకున్నదా మామా?" అంది మంజులత. చేయి పట్టి లాగబోయి నవ్వు ఆపుకోలేక వదిలేసింది. ఆయన మళ్లీ కూలబడ్డాడు.

ఆ నవ్వులు కింద బిక్షమ్మకు వినబడ్డాయి. ఏమిటో తెలియక గుమ్మంలోకి వచ్చింది. అక్కడి నుంచి సరిగా కనబడలేదు. గోడలు పట్టుకుంటూ నాలుగడుగులు వేసింది, ఇంకా కనబడలేదు. అలా చూద్దామని, చూద్దామని మొదటి అరుగు దాకా ఎక్కింది. పడిన తర్వాత ఆమె ఎక్కుడు మీద కాలు పెట్టడం అదే మొదలు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, ఆమె కూడా.

నలుగురినీ కాసేపు తృప్తిగా చూసింది. "ఏం మేస్త్రి, కూసోనీకె మంచిగనే కట్టినవ్. లెవ్వనీకె కట్టలే."

"ఎంత ఎత్తు పెట్టాలె మరి?" అన్నాడు కురుమయ్య కింద నుంచి.

"నెత్తి మీద గంప ఉన్నదనుకో. వంగకుండ, ఎవల్నీ పిలవకుండ గంప దించుకోనీకె ఎంత ఎత్తు కావాలె? నా నడుముకు జర కింద. ఆడ కూసుంటె కాలు మడవ పని లేదు. పక్కకు ఒక కడి నాటు, పట్టుకుని లేస్తం."

పొలం చుట్టూ కంచెకు నాటే రాతి కడీలు వాడలో చాలా ఇళ్ల ముందు పడి ఉన్నాయి. పిల్లలే లాక్కొచ్చారు. అరుగులన్నీ ఊడబీకి, ఎత్తు పెంచి మళ్లీ కట్టారు. బిక్షమ్మ ఒక్కో దాని పక్కన నిలబడి తన నడుముతో కొలత చూసింది. మొదటి ఆదివారం రెండో అరుగు దాకా ఎక్కి దిగింది. తర్వాతి ఆదివారం చర్చి చేరింది. ఆమెను చూసి పాట పాడేవాళ్లు నడుమలో ఆగి, ఎక్కడ ఆగారో మరచిపోయి, మొదటి నుంచి మొదలుపెట్టారు. కురుమయ్య మొక్కేది మైసమ్మకు. అయినా ఆ పూట చర్చి బయట కూర్చుని పాటంతా విన్నాడు. "పాట మంచిగనే ఉన్నది, జర గొంతు చాలలే," అన్నాడు.

అయితే మల్లిక అడిగిన రెండో మాటకు ఇంకా జవాబు లేదు. ఇంట్లో పడిపోతే ఎవరికి తెలుస్తుంది?

దీనికి కురుమయ్య వెతుక్కోనక్కర్లేకపోయింది. గుంపులో తెల్లారగానే మేస్త్రీ గుడిసెల ముందు నిలబడి హాజరు తీసేవాడు. పేరు పిలిస్తే 'ఉన్న' అనాలి. పలకకపోతే పక్క గుడిసెవాడు లోపలికి పోయి చూడాలి. జ్వరమో, పాము కరిచిందో, పారిపోయాడో అప్పుడు తెలిసేది. కురుమయ్య మర్నాటి నుంచి రెండో అరుగు దగ్గర నిలబడి వాడలోని ముసలివాళ్లందరికీ హాజరు మొదలుపెట్టాడు.

"బిక్షమ్మా."

"ఉన్న."

"పోచయ్యా."

"నడుము లేదు, నేనున్న."

"ఐలేశం."

"ఉన్న." ఊళ్లో ఐలేశానికి వినబడే గొంతు అదొక్కటే. రోజుకు ఒక్కసారి తన పేరు తనకు వినబడుతోందని మురిసిపోయేవాడు.

వయసు పిల్లలు నిద్ర పాడైందని గొణిగారు. "మీ ముసలోళ్లు ఉన్నరో లేరో గని, మా నిద్రైతె లేదు," అన్నాడొకడు. "నువ్వు గూడ ముసలోనివి అయితవ్. పేరు ఇప్పుడే ఎక్కించుకో," అంది బిక్షమ్మ. ఒకరోజు సోమన్న పలకలేదు. జనం పరుగెత్తుకుపోయి చూస్తే వేప పుల్ల నములుతూ గోడకు ఆనుకుని ఉన్నాడు. "నోట్ల పుల్ల ఉన్నది, ఎట్ల పలుకుదు?" అన్నాడు. అతనికి అన్నీ బాగానే ఉన్నాయని మరోసారి రుజువైంది.

ఇంతలో లింగస్వామి సంగతి బయటపడింది. ఆయన మోకాళ్లు కూడా ఏడాదిగా బాగా లేవు. పట్నం డాక్టర్ ఆపరేషన్ అన్నాడు, ఆయన భయపడి వాయిదా వేస్తున్నాడు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేరనుకుని తన ఇంటి ఎదురు అరుగు మీద కూర్చున్నాడు. కడి పట్టుకుని లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. కొత్త ట్రాక్టర్ నడిపి చూసుకున్నట్టు చాలాసేపు కూర్చుని లేచాడు. అప్పుడు పై నుంచి దిగుతున్న కురుమయ్య కనబడ్డాడు. లింగస్వామికి ఏం చెప్పాలో తోచక కోపం తెచ్చుకున్నాడు.

"ఎవలన్న ఎండల కూసోవెడ్తరా మనుషులను? బుద్ధి ఉండొద్దా? తీసి నా గోడ పక్కకు వెట్టుండ్రి."

"సరే పటేలా," అన్నాడు కురుమయ్య. మర్నాడు అరుగు నీడలోకి మారింది. ఆ మర్నాడు పొద్దున హాజరు అయిపోయాక ఇంకో పేరు పిలిచాడు.

"లింగస్వామి పటేలా."

వాడ వాడంతా ఊపిరి బిగబట్టింది. గోడ అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడయింది. తర్వాత దగ్గు వినబడింది. "ఉన్న," అంది లోపలి గొంతు. కాసేపాగి, ఎవరూ అడగకపోయినా, "ఛాయ తాగుతున్న," అని కూడా చెప్పింది.

దసరా పోయింది. మల్లిక వచ్చింది. నందికొండ నుంచి బస్సు మీద బస్సు మారి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ మీద వచ్చింది. ఒక చేతిలో వేయించిన చేపల డబ్బా, ఇంకో చేతిలో పెద్దమ్మ బట్టలు సర్దడానికి తెచ్చిన ఖాళీ సంచి. బస్సు దిగి, పైన అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ల పక్కనుంచి గబగబా నడుచుకుంటూ కిందికి దిగిపోయింది. కింద ఇంటికి తాళం ఉంది. తాళం లాగి చూసింది, పిలిచింది, కిటికీలోంచి చూసింది.

"మా పెద్దమ్మ ఏది?" అని మంజులతను పట్టుకుంది.

"పైన ఉన్నది గద. నువ్వు రాంగ చూడలే?"

మల్లిక రొప్పుకుంటూ మళ్లీ ఎక్కుడు ఎక్కింది. నాయకుడి పేరు మీద, మరో ఇద్దరు ఆడవాళ్ల నడుమ, రేషన్ బియ్యం మూట పక్కన పెట్టుకుని బిక్షమ్మ కూర్చుని ఉంది.

"నీ పక్క నుంచే పోతిని గద పెద్దమ్మా. పిలవొద్దా?"

"గంత ఉరుకుతుంటివి. ఎవలింటికో పోతున్నవనుకున్న," అంది బిక్షమ్మ. "కూసో, రొప్పుతున్నవ్. ఈ అరుగు నీకు గూడ పనికొస్తది."

మల్లిక కూర్చుంది. కానీ తేలిగ్గా వదిలే మనిషి కాదు. పొద్దుగూకేదాకా వాదించింది. ఎక్కుతున్నావు, సరే. ఒక్కదానివే ఉంటావు కదా. హాజరు సంగతి చెబితే నవ్వింది. "కురుమయ్య పెద్దబాపు అరుస్తడు, సరే. నువ్వు పలకకుంటె ఎవలొస్తరు? అందరికి పనులుండయా? అనుడు వేరు, వచ్చుడు వేరు."

బిక్షమ్మ చేప ముక్క ముల్లు తీసుకుంటూ విన్నది. "నిజమే," అంది. ఆ మాటతో మల్లిక గెలిచానని అనుకుంది.

తెల్లారేసరికి పిలుపు వచ్చింది. మల్లిక ఉలిక్కిపడి లేచింది. బిక్షమ్మ మంచం మీద కూర్చునే ఉంది. పలకబోతున్న మల్లికను చూసి వేలు పెదవుల మీద పెట్టింది.

"బిక్షమ్మా," రెండోసారి.

బిక్షమ్మ పలకలేదు. మూడో పిలుపు సగంలో తెగిపోయింది. తర్వాత ఎక్కుడు మీద చెప్పుల చప్పుడు. ముందు పక్కింటివాళ్లు తలుపు తోశారు. వాళ్ల వెనక మంజులత, చేతికి పేడ నీళ్లతోనే. ఐలేశం ఏం జరిగిందో తెలియకపోయినా అందరూ ఉరికారని ఉరికి వచ్చాడు. పోచయ్య నడుము సంగతి మరచిపోయి వచ్చాడు. సోమన్న కూడా వచ్చాడు. ఆఖరున, గోడ పట్టుకుంటూ, ఒక కాలికి చెప్పు లేకుండా, చేతిలో ఛాయ గ్లాసు అలాగే పట్టుకుని లింగస్వామి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎన్నడూ ఆ గుమ్మం దాకా వచ్చిన మనిషి కాదు. వచ్చానన్న సంగతి అప్పటికి ఆయనకే తెలియలేదు.

కురుమయ్య అందరినీ తోసుకుని లోపలికి వచ్చాడు. మంచం మీద బిక్షమ్మ నిక్షేపంగా కూర్చుని ఉంది.

"ఉన్న," అంది.

కురుమయ్య గడప మీద కూలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"తప్పయింది మేస్త్రి," అంది బిక్షమ్మ. "పిల్లకు చూపియ్యనీకె. నోటితోని చెప్పితె నమ్మలే."

"రేపటి నుంచి నీ పేరు పిలువ," అన్నాడు కురుమయ్య.

"పిలవకుంటె నేనే వచ్చి నీ పేరు పిలుస్త."

మంజులతే ముందు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. లింగస్వామి, "పొద్దుగాల పొద్దుగాల ఇదేం పరాచికం," అని విసుక్కుని, అప్పుడు తానెక్కడ నిలబడ్డాడో చూసుకున్నాడు. వెంటనే తిరిగి పోదామనుకున్నాడు గానీ మోకాళ్లు ఒప్పుకోలేదు. మల్లిక లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. ఒక క్షణం ఆలోచించి కూర్చున్నాడు. చల్లారిన ఛాయ తీసుకుని మంజులత వేడిది పోసి ఇచ్చింది. తాగాడు.

మల్లిక ఆ పూట సంచి మడిచి పెట్టుకుంది. "క్రిస్మస్‌కు మాత్రం వచ్చి నా తాన వారం ఉండాలె," అంది. "వారం ఉంట. ఎక్కువుంటె మేస్త్రి నా పేరు కొట్టేస్తడు," అంది బిక్షమ్మ.

పదకొండు గంటల బస్సుకు మల్లికను ఎక్కించడానికి బిక్షమ్మ పైదాకా వచ్చింది. ఒక్కో అరుగు దగ్గర కూర్చుని, కడి పట్టుకుని లేచి, తొందరేమీ లేకుండా ఎక్కింది. ఆమె కూర్చున్నప్పుడల్లా మల్లిక కూడా కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు మల్లిక కిటికీలోంచి కురుమయ్య వైపు చూసి, "పెద్దబాపూ, మా పెద్దమ్మ జర పైలం," అంది.

"ఫికర్ చేయకు," అన్నాడాయన. బస్సులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

బస్సు పోయాక ఇద్దరూ ఎక్కుడు పైకొసన నిలబడ్డారు. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడం కష్టం. ఇన్ని రోజులూ దిగేటప్పుడు కురుమయ్య ఒకడుగు ముందు నడిచేవాడు, ఆమె ఆయన భుజం మీద చేయి వేసేది.

"నువ్వు పో మేస్త్రి. నేను వస్త," అంది బిక్షమ్మ.

"ఒక్కదానివా?"

"రేపు నీకు జ్వరమొస్తె నేను బియ్యం తెచ్చుకోవద్దా? పో. ఎనకకు చూడకు. చూస్తె నాకు తడబడుతది."

కురుమయ్య దిగడం మొదలుపెట్టాడు. మెడ వెనక్కి తిప్పకుండా నడవడం ఆయనకు బండ మోసినంత పనయింది. మూడో అరుగు దాటాడు. వెనక కడి మీద గాజుల చప్పుడు వినబడింది, అంటే ఆమె నాలుగోది దాటుతోంది. కాసేపు ఏమీ వినబడలేదు. తిరగబోయి ఆగాడు. మళ్లీ చెప్పుల చప్పుడు, మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి. గోడ నీడలో కూర్చున్న లింగస్వామి పైకి చూస్తూ ఉన్నాడు.

"వస్తాందా?" అని అడిగాడు కురుమయ్య, పెదవులు కదలకుండా.

"వస్తాంది," అన్నాడు లింగస్వామి. "నువ్వు నడువు."